మార్వెల్ : ఒక ఇంగ్లీషు క్రియ అర్థము, పుట్టుక, ప్రయోగము

ఇంగ్లీషు భాషయందు ఆశ్చర్యమును తెలుపు క్రియలు పెక్కు కలవు. వానిలో 'మార్వెల్' అనునది ప్రాచీనమైనది, భావసంపన్నమైనది, మన పిల్లల వ్రాతలలో తఱచుగా పొరపాటునకు గుఱియగునది. 1939 లో అమెరికాలో ఒక బొమ్మల కథల పత్రిక ఈ పేరుతో వెలువడినది. కాలక్రమమున అదియే ఒక సంస్థకు పేరై, వెండితెర వీరుల కథల మూలమున నేటి బాలబాలికల నాలుకపై నిలిచినది. కాని పేరు పరిచితమైనంతనే క్రియ పరిచితమైనదని చెప్పుటకు వీలులేదు.

కన్నడదేశమున, తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రమున, యానామున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు ఇంటిలో తెలుగును, వీధిలో ఆ ప్రాంతపు భాషయు, బడిలో ఇంగ్లీషును ఏకకాలమున అలవడును. అట్టి బాలుడు ఒక భాషలోని వాక్యమును వేఱొక భాషలోనికి మార్చునపుడు నిఘంటువు చూచి మాటకు మాట పెట్టును. చెట్టు, ఇల్లు, నది వంటి పేర్ల విషయమున ఈ పద్ధతి కొంతవఱకు సాగును. మనస్సులోని కదలికను తెలుపు క్రియల విషయమున సాగదు. ఇందులకు మార్వెల్ అను క్రియ చక్కని నిదర్శనము. దీని పుట్టుకను వెదకినచో మన 'విస్మయము'నకు ఇది దాయాది యని తేలును. దీని ప్రయోగమును పరిశీలించినచో, రక్తసంబంధ మున్నను ఏ భాష నడక దానిదే యని తేలును. ఈ రెండు విషయములను వరుసగా విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

అర్థము

అసాధారణమైనదానిని చూచి గాని విని గాని మెచ్చుకోలుతో కూడిన ఆశ్చర్యమును పొందుట మార్వెల్ అను క్రియకు అర్థము. ఇంగ్లీషులో దీనికి సమీపమున నున్న ఇతర క్రియలతో పోల్చి చూచినపుడు ఈ అర్థము స్పష్టపడును.

'సర్‌ప్రైజ్' అనునది అనుకొనని దానివలన కలుగు అచ్చెరువు. అనుకొనని చుట్టము వచ్చినను అది చెల్లును, అనుకొనని నష్టము కలిగినను చెల్లును. 'అస్టానిష్' అనుదాని మూలము లాటిన్ భాషలో ఉఱుమునకు సంబంధించిన ధాతువు. నెత్తిన పిడుగు పడినవాని వలె నిశ్చేష్టుడగుట అందలి తొలి భావము. 'అమేజ్' అనుదానిలో దారి తెలియని తబ్బిబ్బు కలదు. చిక్కుదారుల తోటకు ఇంగ్లీషులో గల 'మేజ్' అను పేరు దీనితో సంబంధించినదే. మార్వెల్ అనుదానిలో ఉఱుమును లేదు, తబ్బిబ్బును లేదు. చూచిన కన్ను చూచినట్లే నిలిచి, మనస్సు ఆనందముతో విప్పారుట అందున్నది. శిల్పి పనితనమును, తల్లి ఓర్మిని, నక్షత్రముల గమనమును గూర్చి ఈ క్రియను వాడుదురు. బజారులో ధర పెరిగినందులకు సాధారణముగా వాడరు.

పదము నడచిన దారి

లాటిన్ భాషలో 'మీరుస్' అను విశేషణమునకు వింతయైన అని అర్థము. దానినుండి 'మీరారీ' అను క్రియ పుట్టినది. వింతపడుట దాని యర్థము. ఆ క్రియనుండి 'మీరాబిలిస్' అనగా వింతపడదగినది అను విశేషణము కలిగినది. దాని నపుంసకలింగ బహువచన రూపము 'మీరాబిలియా', అనగా వింతపడదగినవి. జనుల వాడుకలోని లాటిన్‌లో ఈ బహువచనమునే స్త్రీలింగ ఏకవచనముగా భావించుట జరిగినది. ఆ రూపమే ఇటాలియన్ భాషలో 'మెరవీల్యా' యనియు, స్పానిష్ భాషలో 'మరవీయా' యనియు, ఫ్రెంచి భాషలో 'మెర్వేయ్' అనియు మాఱినది.

1066 లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట రాజసభలలోను న్యాయస్థానములలోను ఫ్రెంచి భాష పెత్తనము వహించెను. వేలకొలది ఫ్రెంచి పదములు ఇంగ్లీషులో చేరినవి. వానితోపాటు ఈ పదము కూడ నామవాచకముగను క్రియగను వచ్చి, పదునాలుగవ శతాబ్దినాటికి ఇంగ్లీషు కవుల చేతిలో స్థిరపడినది. అప్పటి రూపమున మొదటి అచ్చు ఎకారము. ఆకారము తరువాత వచ్చినది. రేఫకు ముందున్న ఎకారము ఆకారముగా మాఱుట ఆ కాలపు ఇంగ్లీషులో పెక్కు పదములలో కాననగును. 'స్టెర్రె' అనునది 'స్టార్' అయినది. 'ఫెర్మ్' అనునది 'ఫార్మ్' అయినది. 'క్లర్క్' అని వ్రాసి 'క్లార్క్' అని ఇంగ్లండువారు పలుకుటయు ఈ మార్పు మిగిల్చిన జాడయే.

యానాము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1962 లో అది చట్టరీత్యా భారతదేశమున విలీనమైనది. ఫ్రెంచి పాలనలో ఆ భాష చదువుకొన్న యానాము తెలుగువారికి 'మెర్వేయ్' అను మాట బడిలో నేర్చిన మాట. కాకినాడ బడిలో చదివినవారికి 'మార్వెల్' బడిలో నేర్చిన మాట. ఒకే గోదావరి ప్రాంతమున ఇరుగుపొరుగు తెలుగువారు ఒకే పదమును రెండు వేషములలో ఎఱిగియుండిరన్నమాట.

తెలుగుదేశమునకును ఈ పదమునకును అంతకంటె పాతదైన సంబంధ మొకటి కలదు. వెనిసు నగర వర్తకుడు మార్కో పోలో 1298 లో జెనోవా కారాగారమున నుండి తన ప్రయాణముల కథను రుస్తికెల్లో అను తోటి ఖైదీచే వ్రాయించెను. ఫ్రెంచి భాషలో ఆ గ్రంథము 'మెర్వేయ్‌ల పుస్తకము', అనగా వింతల పుస్తకము, అను పేరుతోను ప్రసిద్ధి చెందినది. అందు 'ముత్ఫిలి' యను రాజ్యము వర్ణింపబడినది. అది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు అనియు, అచటి న్యాయశీలయైన రాణిగా చెప్పబడినది కాకతి రుద్రమదేవి యనియు చరిత్రకారుల నిర్ణయము. సాలెగూడువంటి సన్నని వస్త్రములును, పాములు తిరుగు లోయలలో మాంసపు ముక్కలు విసరి, గ్రద్దలు వానిని తన్నుకొనిపోవగా అంటుకొని వచ్చిన వజ్రములను ఏరుకొను కథయును అందున్నవి. వజ్రముల కథ కల్పన. వస్త్రముల నేర్పు నిజము. ఈ విధముగా ఐరోపావారు 'మెర్వేయ్' అని చెప్పుకొన్న వింతలలో తెలుగు నేతగాని పనితనము పదమూడవ శతాబ్దిలోనే చోటు సంపాదించుకొన్నది.

చిఱునవ్వునుండి విస్మయము

లాటిన్ 'మీరుస్' నకు పూర్వరూప మేమి? 1786 ఫిబ్రవరి 2 వ తేదీన కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభయందు సర్ విలియం జోన్సు సంస్కృతము, గ్రీకు, లాటిన్ ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని ప్రకటించెను. ఆ సూచనను పట్టుకొని తరువాతి పండితులు ధ్వనుల మార్పులను సూత్రబద్ధముగా నిరూపించిరి. ఆ సూత్రముల ననుసరించి చూచినచో 'మీరుస్' అను లాటిన్ పదము సంస్కృత 'స్మి' ధాతువుతో సంబంధించినది.

'స్మి' ధాతువునకు పాణినీయ ధాతుపాఠమున కొంచెముగా నవ్వుట యని అర్థము చెప్పబడినది. స్మితము, మందస్మితము, సుస్మిత అను మాటలు దీనినుండి పుట్టినవే. దీనికి 'ర' ప్రత్యయము చేరినపుడు 'స్మేర' యగును. స్మేరాననము, స్మేరముఖి యని తెలుగు ప్రబంధములు చదివినవారికి అది సుపరిచితము. పద మొదట మకారమునకు ముందున్న సకారము లాటిన్‌లో లోపించును. నకారమునకు ముందును ఇట్లే జరుగును. ఇంగ్లీషులో మంచునకు 'స్నో' యనగా లాటిన్‌లో 'నిక్స్' అనుట ఇందులకు సాక్ష్యము. సకారము పోయిన 'స్మేర'యే లాటిన్ 'మీరుస్' నకు సరియైన జోడు. ధాతువొకటి, ప్రత్యయ మొకటి. భారతదేశమున అది నవ్వు ముఖమునకు విశేషణ మయ్యెను. రోమునగరమున అది ముఖమున నవ్వు పుట్టించు వస్తువునకు విశేషణ మయ్యెను.

అదే 'స్మి' ధాతువునకు ముందు 'వి' యను ఉపసర్గ చేరినపుడు 'విస్మయము' ఏర్పడినది. భరతముని నాట్యశాస్త్రమున అద్భుతరసమునకు స్థాయిభావముగా చెప్పినది ఈ విస్మయమునే. కావున నవ్వునుండి ఆశ్చర్యమునకు నడచిన బాట సంస్కృతమునను లాటిన్‌నను కనబడుచున్నది. పసిబిడ్డ ముఖమును చూచినవారికి ఇందలి మర్మము సులభముగా తెలియును. మెఱయు వస్తువును ముందుంచినపుడు బిడ్డ కన్నులు పెద్దవి చేయును, మఱుక్షణమున నవ్వును. ఆ రెండు చేష్టలకు నడుమ గీటు గీయుట కష్టము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. విస్మయము, విస్మృతి, విస్మరించుట అనునవి ఒకే కుదురునుండి వచ్చినవని విద్యార్థులు భ్రమపడుదురు. విస్మృతి, విస్మరణము అనునవి తలచుట అను అర్థముగల 'స్మృ' ధాతువునుండి పుట్టినవి. విస్మయముతో వానికి చుట్టఱికము లేదు. చూపునకు పోలినవెల్ల చుట్టములు కావు. చూపునకు పోలని మార్వెల్ మాత్రము చుట్టమైనది.

ఈ కుటుంబము చాల పెద్దది. చిఱునవ్వునకు ఇంగ్లీషులో గల 'స్మైల్' స్కాండినేవియా భాషల దారిని వచ్చిన ఈ మూలపు సంతతియే. మీరారీ నుండి మెచ్చుకొనుట యను అర్థముగల 'అడ్మైర్', అద్భుతకార్యమనెడి 'మిరకిల్' పుట్టినవి. వింతగా చూచుట క్రమముగా చూచుట మాత్రమై, చూచుకొను అద్దమునకు 'మిరర్' అను పేరు వచ్చినది. ఎండమావికి ఫ్రెంచివారు పెట్టిన 'మిరాజ్' అను పేరును ఆ కోవలోనిదే. షేక్స్పియరు 'టెంపెస్ట్' నాటకమున నాయికకు 'మిరాండా' యని పేరుంచెను. వింతగా చూడదగినది యని ఆ పేరునకు అర్థము.

మన మాటలు

సంస్కృతముతో గల ఈ బంధుత్వము తెలుగున తత్సమముల వఱకే వర్తించును. తెలుగు, తమిళము, కన్నడము వేఱొక కుటుంబమునకు చెందినవని 1816 లో చెన్నపట్టణమున ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు దొరయు, 1856 లో కాల్డ్వెల్ పండితుడును నిరూపించిరి. ఆశ్చర్యమును తెలుపుటకు ఆ కుటుంబమునుండి మనకు సంక్రమించిన మాటలు వేఱు, అరువు తెచ్చుకొని మనవి చేసికొన్న మాటలు వేఱు.

అరువు మాటలను మొదట చూతము. అమరసింహుడు నాట్యవర్గమున విస్మయము, అద్భుతము, ఆశ్చర్యము, చిత్రము అను నాలుగింటిని పర్యాయములుగా చేర్చెను. ఇందు అద్భుతము తెలుగున 'అబ్బురము' అయినది, ఆశ్చర్యము 'అచ్చెరువు' అయినది. కన్నడమున 'అచ్చరి', తమిళమున 'ఆచ్చరియం' అనునవి ఈ రెండవదాని రూపములే. ఆశ్చర్య శబ్దసాధనకై పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమునే రచించెను. ఎల్లప్పుడును జరుగనిది యను అర్థమున ఆ రూపము సిద్ధించునని దాని సారాంశము. మన 'చోద్యము' కూడ సంస్కృతమునుండి వచ్చినదే. ప్రశ్నింపదగినది యని దాని తొలి అర్థము. ప్రశ్నకును ఆశ్చర్యమునకును గల ఈ సంబంధము ముందు మరల ప్రస్తావనకు వచ్చును.

ఇక అచ్చతెనుగు మాటలు వింత, అరుదు, వెఱగు మొదలగునవి. 'అరుదు' అనగా తఱచుగా దొరకనిది. పాణిని ఆశ్చర్యమునకు చెప్పిన భావమే ఈ చిన్న మాటలో ఇమిడియున్నది. 'వింత'ను పోలిన 'విందై' తమిళమున కలదు. 'వెఱగు' అనునది వెఱపు, వెఱచుట అను మాటలకు దగ్గఱి చుట్టము. 'నివ్వెఱ' యను మాటయు ఈ కుదుటిదే. సంస్కృత, లాటిన్ భాషలు ఆశ్చర్యమును నవ్వు ప్రక్కన నిలుపగా, మన పూర్వులు దానిని భయము ప్రక్కన నిలిపిరి. కొండంత ఏనుగును తొలిసారి చూచిన పిల్లవాని ముఖమున నవ్వును భయమును రెండును కనబడును. ఒక భాష ఒకదానిని పట్టుకొన్నది, వేఱొక భాష మఱొకదానిని పట్టుకొన్నది.

కర్ణాటకమునందలి తెలుగు పిల్లలకు వెఱగు అను మాటను నేర్పుట బహు సులభము. తెలుగున పదాదియందున్న వకారమునకు కన్నడమున బకారము వచ్చును. వేరు, వెన్న, వెల అనునవి కన్నడమున బేరు, బెణ్ణె, బెలె యగును. అట్లే వెఱగు కన్నడమున 'బెరగు' అయినది. వీధిలో బెరగు వినిన పిల్లవానికి ఇంటి మాట వెఱగు అని ఒక్క వాక్యమున చెప్పవచ్చును. షోలాపురము, ముంబయి పిల్లలకు మఱొక జాగ్రత్త చెప్పవలెను. మరాఠీలో 'నవల' అనగా వింత. తెలుగున నవల అనగా గద్యమున వ్రాసిన పెద్దకథ. ఒడిశాలోని పిల్లలు 'బిస్మయ' అని వినునది మన విస్మయమే. వకారమును ఒడియావారు బకారముగా పలుకుదురు.

మాటలు వేఱైనను చేష్ట యొక్కటి చాల భాషలకు ఉమ్మడిసొత్తు. మనము ముక్కున వేలు వేసికొందుము. కన్నడిగులును తమిళులును అదే మాట చెప్పుదురు. మరాఠీవారు ముక్కునకు బదులు నోటిలో వేలు పెట్టుకొందురు.

ప్రయోగము

మార్వెల్ అను క్రియకు ఇంగ్లీషులో ముఖ్యముగా రెండు విధములైన వాక్యములు కలవు. మొదటి విధమున, వింతగొలిపిన వస్తువునకు ముందు 'ఎట్' అను మాట చేరును. 'ద విజిటర్స్ మార్వెల్డ్ ఎట్ ద స్టోన్ చారియట్' అనగా, చూడవచ్చినవారు రాతిరథమును చూచి అబ్బురపడిరి యని అర్థము. రెండవ విధమున, 'దట్' లేక 'హౌ' అను మాటతో ఉపవాక్యము చేరును. 'దే మార్వెల్డ్ దట్ సచ్ స్టోన్స్ హాడ్ బీన్ రెయిజ్డ్ సో హై' అనగా, అట్టి రాళ్ళను అంత ఎత్తునకు ఎక్కించినందులకు వారు అబ్బురపడిరి యని అర్థము.

ఈ రెండింట కర్త ఎవరో గమనింపవలెను. వింతపడు మనుష్యుడే కర్త. వింతగొలుపు వస్తువు ఈ క్రియకు ఎన్నడును కర్త కారాదు. సర్‌ప్రైజ్, అస్టానిష్, అమేజ్ అను క్రియల తీరు ఇందులకు విరుద్ధము. వానిలో వస్తువు కర్త, మనుష్యుడు కర్మ. కావుననే 'ఐ వాజ్ సర్‌ప్రైజ్డ్' అనుట ఒప్పు. దానిని చూచి 'ఐ వాజ్ మార్వెల్డ్' అని వ్రాయుట తప్పు. 'ద టెంపుల్ మార్వెల్డ్ మీ' యనుటయు తప్పే. మన పిల్లల వ్రాతలలో తఱచుగా కనబడు దోషములు ఈ రెండే.

ఈ దోషమునకు కారణము తెలుగులోనే కలదు. ఆశ్చర్యమును తెలుపుటకు మనకు మూడు దారులున్నవి. 'పడు' చేర్చి 'అతడు ఆశ్చర్యపడెను' అందుము. 'పఱచు' చేర్చి 'ఆ గుడి అతనిని ఆశ్చర్యపఱచెను' అందుము. 'కలుగు' చేర్చి 'అతనికి ఆశ్చర్యము కలిగెను' అందుము. ఒకే మాట మూడు క్రియలతో హాయిగా కలియుటచే, ఇంగ్లీషు క్రియయు అట్లే అన్ని విధముల కలియునని బాలుడు తలచును. మార్వెల్ 'పడు' వంటిది, సర్‌ప్రైజ్ 'పఱచు' వంటిది యని చెప్పినచో ఈ చిక్కు ఒక్క పాఠములో తీరును. మూడవ దారి, అనగా 'అతనికి కలిగెను' అను షష్ఠీరూపము, నేటి ఇంగ్లీషులో సాధారణముగా లేదు. 'నాకు తోచుచున్నది' యను అర్థముగల 'మీథింక్స్' అను పాత మాటలో మాత్రము దాని శిథిలము మిగిలియున్నది.

ఫ్రెంచి భాషలో ఈ పదమునకు పడు, పఱచు అను రెండు రూపములును నేటికిని సజీవముగా నున్నవి. 'ఎమెర్వెయే' అనగా ఆశ్చర్యపఱచుట. దానికి తనను తాను అను అర్థముగల మాట చేర్చి 'సెమెర్వెయే' అన్నచో ఆశ్చర్యపడుట. ఇంగ్లీషు ఈ రెండింట ఒకదానినే నిలుపుకొన్నది. లాటిన్ మీరారీ రూపమున కర్మణిక్రియవలె నుండి అర్థమున కర్తరిక్రియ యగుటయు, సంస్కృత స్మి ధాతువు ఆత్మనేపది యగుటయు ఇక్కడ తలపునకు రాదగిన పోలికలు. వింతపడుట యనునది పడువానియందే జరుగు పని యను భావము ఆ భాషల వ్యాకరణమునను గోచరించుచున్నది.

వర్ణక్రమమున ఒక చిన్న భేదము కలదు. భూతకాలాది ప్రత్యయములు చేరునపుడు ఇంగ్లండువారు చివరి 'ఎల్' అక్షరమును రెండుమారులు వ్రాయుదురు, అమెరికావారు ఒకమాఱే వ్రాయుదురు. 'మార్వెలస్' అను విశేషణమునకును ఇదే నియమము. మన పాఠశాలలలో మొదటి పద్ధతి వాడుకలో నున్నది. ఒకే వ్రాతలో రెండు పద్ధతులను కలుపరాదు. క్రియ గంభీరమైనది, వ్రాతలలో ఎక్కువగా కనబడునది. విశేషణము మాత్రము మాటలలో తేలికపడి, బాగున్నది యనుటకు బదులుగా వాడబడుచున్నది.

తెలుగు సేతలో చిక్కు

మార్వెల్ కు తోడుగా 'వండర్' అను క్రియను తెలిసికొనక తప్పదు. ఇది ఫ్రెంచినుండి వచ్చినది కాదు. ఇంగ్లీషువారి సొంత మాట. జర్మను భాషలో దీనికి తోబుట్టువు కలదు. దీనికి రెండు అర్థములు. 'ఎట్' చేరినపుడు మార్వెల్ వలె ఆశ్చర్యపడుట. ఎందుకు, ఎవరు, ఎప్పుడు మొదలగు ప్రశ్నార్థకములతో చేరినపుడు తెలియగోరుట, సందేహించుట. నేటి ఇంగ్లీషులో మార్వెల్ ఈ రెండవ పనిని చేయదు. ప్రశ్నింపదగిన చోద్యము మన భాషలో వింత యైనట్లే, వింతపడు వండర్ ఇంగ్లీషులో ప్రశ్న యైనది.

నిఘంటువులో వండర్ ఎదుట ఆశ్చర్యపడు అని యుండుటచే పుట్టిన అనర్థ మొకటి నేడు అనువాదములందంతటను వ్యాపించినది. 'ఐ వండర్ వై హి హాజ్ నాట్ కమ్' అను వాక్యమును 'అతడు ఎందుకు రాలేదని నేను ఆశ్చర్యపడుచున్నాను' అని మార్చుచున్నారు. తెలుగు తల్లి యెవ్వతెయు వాకిట నిలిచి అట్లు పలుకదు. 'అతడేల రాలేదో!' అనును. ఆ 'ఓ' యను ఒక్క అచ్చులో ఇంగ్లీషు వాక్యములోని మొదటి రెండు మాటల పని యంతయు నెఱవేఱినది. 'ఐ వండర్ ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అనుటకు 'వాన కురియునో కురియదో!' అనవలెను. మర్యాదకై 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ హెల్ప్ మీ' యని ఇంగ్లీషువారు అన్నపుడు, 'తమరు కొంచెము సాయము చేయగలరా?' అనుటయే తెలుగు. 'నో వండర్' అనుటకు 'ఇందులో వింత యేమున్నది?' అన్నచో చాలును.

ఈ విషయమున పొరుగు భాషలు మన పిల్లలకు సాయము చేయును. కన్నడమున 'యాకె బరలిల్లవో' యనియు, తమిళమున 'ఏన్ వరవిల్లైయో' యనియు అందురు. ద్రావిడ కుటుంబపు 'ఓ' ఆ రెండింటను వినబడుచునే యున్నది. మరాఠీలో ఇట్టి సందర్భమున 'కోణ జాణే', ఒడియాలో 'కేజాణి' చేర్చుదురు. ఎవరికి తెలియును అని రెండింటి అర్థము. ఆ యా భాషలవారెవ్వరును వాకిట నిలిచి ఆశ్చర్యపడుచున్నామని చెప్పరు. కావున బళ్ళారిలోని పిల్లవానికైనను, హోసూరులోని పిల్లకైనను, బరంపురమునందలి పిల్లలకైనను, వీధిభాషలో వారు ఎట్లందురో మొదట అడిగి, దానిప్రక్కన తెలుగు వాక్యమును నిలిపి, ఆ పిదప ఇంగ్లీషునకు పోవుట మేలు. పలుభాషల నడుమ పెరుగుట ఈ పిల్లలకు లోపమని కొందఱు తల్లిదండ్రులు తలచెదరు. ఇట్టి పాఠమున అదియే వారి మూలధనము. ఏకభాషా ప్రాంతపు పిల్లవానికి పుస్తకమునుండి నేర్పవలసిన పోలిక వీరికి చెవిలోనే యున్నది.

ముగింపు

ప్రాథమిక దశలో భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనావకాశములు కల్పింపవలెనని 1956 నాటి ఏడవ సవరణచే మన రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరినది. చట్టము బడి తలుపు తెఱచును. లోపల ఏ తెలుగు వినబడవలెనో నిర్ణయించునది బోధించు ఉపాధ్యాయుడును, ఇంటిలో మాటలాడు తల్లిదండ్రులును. తెలుగు పుస్తకములోని తెలుగు ఇంగ్లీషు వాక్యమునకు నీడవలె నుండినచో, పిల్లవానికి అది అవ్వ పలికెడి తెలుగుగా తోపదు. ఇంటి తెలుగు వేఱు, బడి తెలుగు వేఱు అని తోచిన నాడు ఆ పిల్లవాడు రెండింటిని విడిచి, వీధిభాషతో తృప్తిపడును. అట్లు విడిచిన కుటుంబములు ఈ ప్రాంతములన్నింటను కలవు.

కావున మార్వెల్ అను ఒక్క క్రియను నేర్పునపుడు మూడు మాటలు చెప్పినచో చాలును. దాని రక్తము మన విస్మయమునందును స్మితమునందును ప్రవహించుచున్నది. దాని కర్త ఎల్లప్పుడును వింతపడువాడే. తెలుగున దానిని అబ్బురపడు, వెఱగందు అని మార్చవలెను. దాని తోడిదగు వండర్ ప్రశ్నతో కూడివచ్చినపుడు మాత్రము ఆశ్చర్యమును విడిచి 'ఓ' ను చేర్చవలెను.

అబ్బురము, అచ్చెరువు, వెఱగు, చోద్యము, అరుదు అను మాటలు ఈ ప్రాంతములలోని పెద్దల నోట నేటికిని అక్కడక్కడ వినబడుచున్నవి. ఏ ఊర ఏ మాట మిగిలియున్నదో పిల్లలచేతనే తమ యిండ్లలో అడిగించి, తరగతిలో పలక మీద వ్రాయించుట కష్టమైన పని కాదు. అవ్వ నోటి మాట పలక కెక్కినపుడు పిల్లవాని ముఖమున చిఱునవ్వు పుట్టును. ఆ చిఱునవ్వే విస్మయమునకు ధాతువు.